బయటి గోడకు ఇన్సులేషన్ మనమే వేసుకోవచ్చా? బోర్డు కంటే ముందు గోడ సంగతి చూడండి

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటున్నాం. 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు (ఒక పక్క పొరుగింటితో గోడ కలిసిన ఇల్లు) కొన్నాం. కింది అంతస్తు ఎర్ర ఇటుక. పై అంతస్తుకు పెబుల్‌డాష్, అంటే గులకరాళ్ళు అంటించిన పూత. వెనక వంటింటి గోడకు ఎవరో ఎప్పుడో తెల్ల పెయింట్ వేశారు. హీటింగ్ ఎంత పెట్టినా పక్కగోడ వైపు పడగ్గది వేడెక్కదు. చలికాలంలో బీరువా వెనక నల్లటి బూజు. బయటి గోడలకు ఇన్సులేషన్ వేయించుకుందామని కొటేషన్ అడిగితే మా వల్ల అయ్యే మొత్తం కాదు. మా ఆయన, మా తమ్ముడు చేతిపని తెలిసినవాళ్ళు. నాన్నగారు గుంటూరులో ఇళ్ళు కట్టించిన మనిషి, వచ్చే వేసవికి ఇక్కడికి వస్తున్నారు. నూరు మిల్లీమీటర్ల థర్మాకోల్ బోర్డులు ఆఫర్‌లో ఉన్నాయి, కొనేయమంటారా? పెయింట్ మీద, పెబుల్‌డాష్ మీద నేరుగా అంటించవచ్చా? గోడను, బోర్డులను ఎలా సిద్ధం చేసుకోవాలి? విజయవాడలో అత్తయ్యగారి ఇంటికి కూడా ఇది పనికొస్తుందా? (పేరు వద్దన్నారు)

జవాబు: బోర్డులు ఇప్పుడే కొనకండి. ఆఫర్ పోతే పోనివ్వండి, మళ్ళీ వస్తుంది. బోర్డు అంటించడం ఈ పనిలో తేలికైన భాగం. గోడ పొడిగా ఉందా, గట్టిగా ఉందా, నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి అన్నది తేల్చుకోవడమే అసలు పని. దానికి టైం పడుతుంది. ఈ ఏడు గోడ, వచ్చే ఏడు బోర్డు అనుకుంటే మీకు టెన్షన్ ఉండదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2025 అక్టోబర్‌లో, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే బ్రిటన్ నేషనల్ ఆడిట్ ఆఫీస్ ఒక నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ పథకాల కింద బయటి గోడలకు ఇన్సులేషన్ వేసిన ఇళ్ళలో 98 శాతం, అంటే 22 వేల నుంచి 23 వేల ఇళ్ళు, లోపాలతో ఉన్నాయని తేల్చింది. వాటిని సరిచేయకపోతే చెమ్మ, బూజు తప్పవు. అవన్నీ డబ్బు తీసుకుని పనివాళ్ళు చేసిన ఇళ్ళు. సొంతంగా చేసుకునేవారికి ఒక మంచి అవకాశం ఉంది: మీకు తొందర లేదు, రోజుకు ఇన్ని ఇళ్ళు పూర్తిచేయాలన్న ఒత్తిడి లేదు. ఆ ఒక్కటీ వాడుకోండి.

ముందు మీ గోడ ఏ రకమో చూడండి. 1930ల ఇళ్ళలో రెండు రకాలూ ఉన్నాయి. కొన్ని మన దగ్గర తొమ్మిదంగుళాల గోడ అంటామే, ఆ రకం. కొన్ని మధ్యలో ఖాళీ వదిలి కట్టిన జంట గోడలు. కింది అంతస్తు ఇటుకల వరసలు చూడండి. ఇటుక పొడుగు వైపులతో పాటు పొట్టి తలలు కూడా కనిపిస్తుంటే చాలావరకు ఒకే గోడ. అన్నీ పొడుగు వైపులే కనిపిస్తే మధ్యలో ఖాళీ ఉందని అనుమానించాలి. ఆపైన తలుపు చట్రం దగ్గర టేపు పెట్టి మందం కొలవండి. లోపలి ప్లాస్టరింగ్‌తో కలిపి 250 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఒకే గోడ, 270 దాటితే జంట గోడ అని అనుకోవచ్చు. పై అంతస్తు కిటికీ దగ్గర కూడా కొలవాలి, కింద ఒక రకం పైన ఒక రకం ఉన్న ఇళ్ళు ఉన్నాయి. జంట గోడ అయితే ఆ ఖాళీని నింపకుండా, పైనా కిందా మూయకుండా బయట బోర్డు వేస్తే లాభం పోతుంది. చల్లగాలి ఆ ఖాళీలో, అంటే మీ బోర్డు వెనకే తిరుగుతూ ఉంటుంది.

ఒకే గోడ అయితే లెక్క తేలిక. అలాంటి ఇటుక గోడలో చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ ఉన్న ఒక్కో డిగ్రీ తేడాకు, సుమారు 2.1 వాట్ల వేడి బయటికి పోతుందని ఇక్కడ లెక్క కడతారు. నూరు మిల్లీమీటర్ల బూడిదరంగు థర్మాకోల్ వేస్తే అది 0.28 దగ్గరికి దిగుతుంది. మామూలు తెల్లది అయితే 0.32 దగ్గర ఆగుతుంది. ఇంగ్లండ్ నిబంధనల్లో ఇలాంటి గోడలకు అడిగేది 0.30. మీరు చూసిన ఆఫర్ తెల్ల బోర్డుదేమో కనుక్కోండి. రంగు కాదు, ప్యాకెట్ మీద ఉష్ణవాహకత అంకె చూడాలి: 0.031 లేదా 0.032 అయితే మంచిది, 0.038 అయితే నూరు చాలదు.

ఇప్పుడు మీ బూజు సంగతి. బీరువా వెనక నల్లబూజు చాలావరకు లోపలి ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరు కావడం వల్లే వస్తుంది. వంట, స్నానం, ఇంట్లో ఆరేసిన బట్టలు, అన్నీ దానికి కారణాలే. గోడ వెచ్చబడితే అది తగ్గుతుంది. కానీ అదే చోట బయటి నుంచి నీరు దిగుతుంటే, బోర్డు ఆ నీటిని కంటికి కనపడకుండా దాచిపెడుతుంది. అందుకని మంచి వాన పడే రోజు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరగండి. గట్టర్ అతుకుల దగ్గర ఎక్కడ కారుతోంది, వాన గొట్టం వెనక ఇటుక ఎక్కడ నల్లగా తడిసింది, కిటికీ కింది సిల్ పలకకు పగుళ్ళు ఉన్నాయా, చూరు చివర పెంకు జారిందా, అన్నీ ఫోటోలు తీసుకోండి. ఎండ రోజు చూస్తే ఇవేవీ తెలియవు.

నేల మట్టం కూడా చూడాలి. గోడ అడుగున చెమ్మ పైకి ఎక్కకుండా వేసిన డీపీసీ పొర నేలకు కనీసం 150 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాలి. పాత ఇళ్ళలో యజమానులు మారుతున్న కొద్దీ పూలమడి మట్టి, పేవింగ్ రాళ్ళు పేరుకుపోయి డీపీసీ కప్పబడిపోతుంది. మీ పక్క దారి అలాగే ఉంటే ముందు తవ్వి దించండి. థర్మాకోల్ బోర్డు అడుగు పట్టీ డీపీసీ పైనుంచి మొదలుకావాలి. దాని కిందికి కూడా ఇన్సులేషన్ కావాలంటే నీరు పీల్చని ఎక్స్‌పీఎస్ రకం వేరేగా వేయాలి, రెండిటి మధ్య ఖాళీ వదలాలి. అడుగు నుంచి పైదాకా ఒకే బోర్డు దింపి మట్టిలో పాతడం నేను చూసిన వాటిలో చాలా మామూలుగా జరిగే తప్పు. డీపీసీ ఉన్న ప్రయోజనమే పోతుంది.

అక్కడే, గోడ అడుగున, ఇటుకల మధ్య చిల్లుల జాలీల్లా కనిపించేవి ఎయిర్ బ్రిక్‌లు. మీ కింది అంతస్తుది చెక్క నేల అయితే దాని కింద గాలి ఆడేది వాటి వల్లే. వాటిని మూసి బోర్డు వేస్తే నేల కింది దూలాలు కొన్నేళ్ళలో కుళ్ళిపోతాయి. వాటిని లెక్కపెట్టి, ప్రతిదానికీ బోర్డు మందం దాటేలా గొట్టం పెట్టి, బయట కొత్త జాలీ బిగించాలి. దీంట్లో రాజీ వద్దు.

మరమ్మతులు అయ్యాక గోడను ఆరనివ్వండి. తడిసిన తొమ్మిదంగుళాల గోడ వారంలో ఆరదు. గట్టర్ బాగుచేశాక ఒక వేసవి మొత్తం గాలికి, ఎండకు వదిలేయడం మంచిది. ఇక్కడ నాన్నగారికి ఒక మాట ముందే చెప్పాలి. మన దగ్గర ప్లాస్టరింగ్‌కు ముందు గోడను నీళ్ళతో బాగా తడుపుతారు, తర్వాత కూడా నీళ్ళు కొడతారు. మన ఎండలకు అది సరైన పద్ధతే. ఇక్కడ ఈ పనికి అలా తడపకూడదు. గోడ నీటిని మరీ వేగంగా పీల్చేస్తుంటే దానికి ఆ కంపెనీ ప్రైమర్ ఉంటుంది, అది వేయాలి. అంటించే మాలులో కూడా సంచి మీద రాసినంత నీరే పోయాలి. గట్టిపడుతోందని మధ్యలో మళ్ళీ నీళ్ళు పోసి కలిపితే దాని పట్టు పోతుంది.

ఇక ఉపరితలం. ఎర్ర ఇటుక గోడ మీ మూడింటిలో సులువు. అరచేత్తో రుద్దండి. చేతికి పొడి అంటుకుంటే బ్రష్‌తో దులిపి ప్రైమర్ వేయాలి. తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే పొడి బ్రష్‌తోనే దులపాలి, నీళ్ళతో కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికి పోతుంది. దులిపాక మళ్ళీ మళ్ళీ పూస్తుంటే ఆ చోట నీరు ఇంకా వస్తోందని అర్థం. పచ్చటి నాచు ఉంటే గీకి, నాచు చంపే మందు కొట్టి, డబ్బా మీద చెప్పిన టైం ఆగి, కడిగి ఆరబెట్టండి. ఇటుకల మధ్య మాలు వేలితో గీస్తే రాలుతుంటే కొత్తగా పాయింటింగ్ చేయాలి. పాత మాలు సున్నానిదైతే సున్నపు మాలే వాడండి. సిమెంటు మరీ గట్టిగా ఉండి మెత్తటి పాత ఇటుకల అంచులను దెబ్బతీస్తుంది.

వంటింటి పెయింట్ గోడను నమ్మకండి. పెయింట్ మీద అంటించిన బోర్డు పట్టు ఆ పెయింట్‌కు గోడతో ఎంత పట్టు ఉందో అంతే. దీనికి ఒక పరీక్ష ఉంది, ఖర్చు పెద్దగా లేదు. దీనికోసం మాత్రం ఒక్క బోర్డు తెచ్చి, పది సెంటీమీటర్ల చదరపు ముక్కలుగా కోయండి. మీరు వాడబోయే మాలునే ఒక సెంటీమీటరు మందంగా పూసి గోడ మీద వేర్వేరు చోట్ల ఎనిమిది, పది ముక్కలు అంటించండి: నీడ పడే చోట, వాన గొట్టం పక్కన, కిటికీ కింద, పైన, కింద. మూడు రోజులు ముట్టుకోవద్దు. నాలుగో రోజు ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని గోడ నుంచి నేరుగా మీ వైపుకు లాగండి. థర్మాకోలే మధ్యలో చిరిగి, సగం గోడకు, సగం మీ చేతిలో ఉంటే ఆ గోడ పనికొస్తుంది. ముక్క మొత్తం ఊడి, వెనకాల మాలుతో పాటు పెయింట్ పొర తెల్లగా వచ్చేసిందంటే పెయింట్ తీసేయాల్సిందే. మాలు గోడకే ఉండి బోర్డు మాత్రం శుభ్రంగా ఊడితే మాలు కలపడంలోనో బోర్డులోనో తేడా ఉంది. ఆ ఊడిన ముక్కల వెనక వైపు శ్రద్ధగా చూడండి, ఎక్కడ పట్టు తప్పిందో అక్కడే కనిపిస్తుంది.

ప్లాస్టిక్ డోవెల్స్ (బోర్డును గోడకు బిగించే పొడుగు మేకులు) కొడతాం కదా, పెయింట్ ఉంటే ఏమవుతుంది అని చాలామంది అడుగుతారు. డోవెల్స్ గాలి లాగుడును ఆపడానికి. బోర్డుల బరువును, ఎండకు చలికి అవి జరగకుండా పట్టి ఉంచడాన్ని చాలావరకు మోసేది మాలే. ఒకటి ఉందని రెండోది వదిలేయకూడదు.

పెబుల్‌డాష్ మీద కష్టపడాలి. సిమెంటు పూత పచ్చిగా ఉండగా గులకరాళ్ళు విసిరి అంటించిన ఆ పొర తొంభై ఏళ్ళ నాటిది. సుత్తి పిడితో గోడంతా మెల్లగా తట్టుకుంటూ పోండి. గట్టి చోట టక్కుమని వస్తుంది, పొర విడిపోయిన చోట గుల్లగా మోగుతుంది. గుల్లగా మోగిన చోటల్లా సుద్దతో చుట్టూ గీయండి. గీతలు అక్కడక్కడ ఉంటే ఆ చోట్లు ఉలితో కొట్టి తీసి, సిమెంటు ఇసుక మాలుతో నింపి ఆరనివ్వండి. గోడలో మూడో వంతు గీతలతో నిండిపోతే నా సలహా మొత్తం పొర తీసేయడమే. ముక్కలు ముక్కలుగా అతుకులు వేయడంలో పడే శ్రమ కంటే అది తక్కువ. గట్టిగా ఉన్న చోట పొడుచుకొచ్చిన రాళ్ళను గీకి, కడిగి ఆరబెట్టి, అంటించే మాలునే పల్చగా పూసి ఎగుడుదిగుడు సర్దాలి. రాళ్ళ మీద నేరుగా బోర్డు పెడితే బోర్డు రాళ్ళ మొనల మీద కూర్చుంటుంది, వెనక గాలి ఆడుతుంది.

గోడ చదును చూడటానికి రెండు మీటర్ల అల్యూమినియం బద్ద చాలు. నిలువుగా, అడ్డంగా, మూలగా పెట్టి కింద ఎంత సందు ఉందో చూడండి. పది మిల్లీమీటర్ల దాకా తేడా ఉంటే మాలు మందంతో సర్దుకోవచ్చు. ఇరవై దాకా డోవెల్స్ తోడు ఉంటే నెట్టుకురావచ్చు. అంతకు మించితే ముందు ప్లాస్టరింగ్ చేసి మట్టానికి తేవాలి. పైనుంచి తూకం గుండు వదిలి గోడ ఎటు వాలిందో నాన్నగారు ఇట్టే చెప్పేస్తారు. ఆ పని ఆయనకే అప్పగించండి.

గోడకు తగిలించి ఉన్నవన్నీ విప్పాలి, లేదా బయటికి జరపాలి: వాన గొట్టాలు, డిష్, లైట్లు, బయటి కుళాయి. కేబుల్స్ థర్మాకోల్‌కు నేరుగా తగలకూడదు. పీవీసీ తొడుగులోని మెత్తదనాన్ని థర్మాకోల్ లాగేస్తుంది, కొన్నాళ్ళకు ఆ వైరు పెళుసుబారుతుంది. వాటిని గొట్టంలో పెట్టించండి. బాయిలర్ పొగ గొట్టం జోలికి మీరెవరూ వెళ్ళొద్దు. దాన్ని పొడిగించాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అర్హత ఉన్నవారి జాబితాలో) ఉన్న మనిషే చేయాలి. చూరు కింది పలకలు పాతవైతే వాటికి డ్రిల్ పెట్టే ముందు ఆస్‌బెస్టాస్ పరీక్ష చేయించండి. ఇక్కడ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. మీ ఇంటికి అంతకు ముందు ఏ దశకంలో మరమ్మతు చేసి ఉన్నా అది ఉండవచ్చు.

గోడ మందం వంద పైచిలుకు పెరుగుతుంది కాబట్టి కిటికీ కింది సిల్ పలకలు పొడిగించాలి, కొత్త గోడ దాటి కనీసం 30, 40 మిల్లీమీటర్లు బయటికి రావాలి. చూరు అంత బయటికి ఉందా అన్నది కూడా కొలవండి. కిటికీ పక్క గోడ మందానికి, అంటే లోపలికి తిరిగే భాగానికి, పల్చటి బోర్డు అయినా వేయాలి. ఇరవై మిల్లీమీటర్లకే చోటుంటే ఇరవై వేయండి. అది వదిలేస్తే మీ బూజు బీరువా వెనక నుంచి కిటికీ చుట్టూ చేరుతుంది.

ఇదంతా అయ్యాకే బోర్డులు. నీడలో, పొడిగా, పడుకోబెట్టి పేర్చి, నల్లటి ప్లాస్టిక్ కాకుండా లేత రంగు టార్పాలిన్ కప్పండి. బూడిదరంగు బోర్డుకు ఎండ పడదు. ఒక వైపు వేడెక్కి విల్లులా వంగుతుంది, అంటించిన తర్వాత వంగితే మాలు ఇంకా గట్టిపడకముందే అంచులు లేస్తాయి. ఇంగ్లండ్ ఎండే కదా అనుకోవద్దు, జూన్ మధ్యాహ్నం దక్షిణం గోడ మీద అది చాలు. స్కాఫోల్డింగ్‌కు వల కట్టించి నీడ ఇవ్వండి, పనిని ఎండ వెనకాలే జరుపుకుంటూ పోండి: పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం తర్వాత తూర్పు. తెల్ల బోర్డు వంగదు గానీ, వారాల తరబడి ఎండలో ఉంటే పైన పసుపుగా మారి పొడి రాలుతుంది. ఆ పొడి మీద ఏదీ అంటదు. గరుకు కాగితంతో రుద్ది, దులిపి, అప్పుడే పైపూత వేయాలి.

కోయడానికి వేడి తీగ ఉంటే అంచు తిన్నగా వస్తుంది. లేకపోతే సన్న పళ్ళ రంపం. అంచులు విరిగిన బోర్డులను పక్కన పెట్టి చిన్న ముక్కలకు వాడండి. ఎక్స్‌పీఎస్ బోర్డు నున్నగా ఉంటే రెండు వైపులా గరుకు చేయాలి. పక్కింటివాళ్ళ గోడ మొదలయ్యే చోట, మంట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకకుండా, థర్మాకోల్ బదులు రాతి ఉన్ని పట్టీ వేయమంటాను. రాతి ఉన్ని బోర్డుకు నేరుగా మాలు పెడితే పట్టదు. ముందు కొంచెం మాలు తాపీతో గట్టిగా రుద్ది పోగుల్లోకి ఎక్కించి, దాని మీద అసలు మాలు పెట్టాలి. గ్లవ్స్, మాస్క్ మర్చిపోకండి.

మాలును బోర్డు వెనక నాలుగు అంచుల చుట్టూ తెగకుండా కట్టలా పెట్టి, మధ్యలో మూడు ముద్దలు పెట్టాలి. నొక్కిన తర్వాత బోర్డులో కనీసం 40 శాతం గోడను పట్టుకోవాలి. మొదటి బోర్డు అంటించిన వెంటనే ఒకసారి ఊడదీసి మాలు ఎంతవరకు పరుచుకుందో కళ్ళారా చూడండి. ముద్దలు మాత్రమే పెట్టి చుట్టూ వదిలేస్తే బోర్డుల వెనక గాలి కింది నుంచి పైకి తిరుగుతుంది, పెట్టిన డబ్బు దండగ. అంచుల మీదికి పొంగిన మాలు తుడిచేయండి. అది రెండు బోర్డుల మధ్య ఉండిపోతే ఆ గీతమీదుగా చలి లోపలికి వస్తుంది. సందులు మిగిలితే థర్మాకోల్ ముక్కలే దూర్చాలి. కిటికీ మూలకు సరిగ్గా బోర్డుల అతుకు రాకూడదు, ఎల్ ఆకారంలో కోసి పెట్టాలి, లేకపోతే అక్కడే పగులుతుంది. పని చేసే రోజుల్లో రాత్రి కూడా 5 డిగ్రీల కంటే తగ్గకూడదు, అంటే మీ ప్రాంతంలో ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా అనుకోండి.

పని మొదలుపెట్టే ముందు కౌన్సిల్‌లో కట్టడ నిబంధనలు చూసే బిల్డింగ్ కంట్రోల్‌కు చెప్పాలి. మీది కన్జర్వేషన్ ఏరియా (పాత కట్టడాల రూపం మారకుండా కాపాడే ప్రాంతం) అయితే ప్లానింగ్ విభాగాన్ని కూడా అడగాలి. పక్క దారి ఉమ్మడిది అయితే పక్కింటివాళ్ళతో కాగితం రాయించుకోండి, ఆ మందం వాళ్ళ వైపు స్థలం మీదికి రావచ్చు. మాలు, బోర్డు, పైపూతలో వేసే వల, పైపూత అన్నీ ఒకే కంపెనీ సిస్టమ్‌వి కొనండి.

ఒక్క మాట నిక్కచ్చిగా చెబుతాను: పై అంతస్తు పెబుల్‌డాష్ గోడ మీరు చేయకండి. పెబుల్‌డాష్ గురించి పైన చెప్పినదంతా ఆ పని ఎలా జరగాలో మీకు తెలియడానికే. ఎత్తు, చూరు, పొగ గొట్టం, అన్నీ అక్కడే ఉన్నాయి. వెనక ఒంటి అంతస్తు వంటింటి గోడతో మొదలుపెట్టండి. అది నేలమీద నిలబడి చేయగల పని. అది ఒక చలికాలం చూశాక, పై గోడకు పనివాళ్ళను పిలిచినా వాళ్ళు ఎక్కడ తప్పు చేస్తున్నారో మీకు తెలుస్తుంది. ఈలోగా బీరువాను గోడకు కాస్త ఎడంగా జరపండి, వంటింట్లో, బాత్రూంలో ఫ్యాన్ బయటికే గాలి తోసేలా చూసుకోండి.

విజయవాడ ఇంటికి వస్తే, అక్కడ మొదటి ఖర్చు గోడ మీద పెట్టకండి. ఎండ నెత్తిన పడేది స్లాబ్ మీద. స్లాబ్ లీకులు చూసి, తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించడం ముందు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా అందుకే. తర్వాత పడమటి గోడకు నీడ: చెట్టో, సన్‌షేడో, వెదురు తెరో. అప్పటికీ ఏసీ గది చల్లబడకపోతే అప్పుడు ఆ ఒక్క గోడకు బోర్డు సంగతి ఆలోచించవచ్చు.

మీ గోడ మందం పైనా కిందా ఎంత వచ్చింది, ఎయిర్ బ్రిక్‌లు ఎన్ని ఉన్నాయి, పరీక్ష ముక్కలు ఎలా ఊడాయి అన్నది రాసి పంపండి. ఊడిన ముక్కల వెనక వైపు ఫోటోలు తప్పకుండా జతచేయండి. డోవెల్ పొడవు, ఎన్ని కావాలి అన్న లెక్క అవి చూశాకే చెప్పగలను.